సూ నాయకుడికి ఒన్స్ మోర్

విట్లాక్ దొరసానికి తన తాతంటే మహా భక్తి. ఆ భక్తి తనలోనే దాచుకుని ఉంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ లష్కర్‌లో మా మిషన్ బడికి యాభై ఏళ్లు నిండుతున్నాయనీ, ఆ ఉత్సవంలో తన తాత కథను నాటకంగా వేయాలనీ పట్టుబట్టింది. లష్కర్ అంటే సికింద్రాబాదే. అంత పొడుగు పేరు పలికే ఓపిక మా వాళ్లలో ఎవరికీ లేదు. అది నలభై ఎనిమిదో సంవత్సరం, ఆగస్టు నెల. బయట రజాకార్లు లారీల మీద తిరుగుతున్నారు. ఇవాళో రేపో యూనియన్ సైన్యం వచ్చి పడుతుందని ఊరంతా చెవులు కొరుక్కుంటోంది. బజారులో బియ్యం లేవు. ఇలాంటి రోజుల్లో మా దొరసాని బంగళాలో కూర్చుని, అమెరికాలోని డకోటా మైదానాల మీద ఇంగ్లీషులో మూడంకాల నాటకం రాసింది. ఎవరి పిచ్చి వారికానందం.

మా నాన్న జ్ఞానశేఖర్ ఆ బడికి హెడ్మాస్టరు. నేను మేబెల్‌ని, అక్కడే అయిదో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. మాది ఒంగోలు వైపు. దొరసాని ఏమన్నా "అలాగేనండీ" అనడం మా నాన్న ఉద్యోగంలో సగం. ఆ అలాగేను మా మెడకు చుట్టడం మిగతా సగం. నాటకాన్ని తెలుగు చేసే పని ఆయనకూ, తెర వెనక నిలబడి మాటలు అందించే పని నాకూ వచ్చింది.

దొరసాని తాత డకోటాలో వ్యవసాయం చేసుకుందామని భార్యాపిల్లలతో బండి కట్టుకుని వెళ్లిన మనిషి. అక్కడ అంతకుముందే ఉన్నవాళ్లు సూ జాతి వాళ్లు. ఇంగ్లీషులో ఆ పేరుకు ఉన్న అక్షరాలన్నీ కూడబలుక్కుని మా నాన్న మొదటి వారమంతా "సియోక్సు" అన్నాడు. దొరసాని నాటకంలో ఈ సూ వాళ్లు మొదటి అంకంలో బండ్ల మీద పడి తగలబెడతారు. రెండో అంకంలో ఆకలితో చేతులు చాస్తారు. మూడో అంకంలో వాళ్ల నాయకుడు కాగితం మీద వేలిముద్ర వేసి, తాత చేతిలో చెయ్యి కలిపి, నేల వదిలేసి వెళ్లిపోతాడు. ఎందుకు తగలబెట్టారో లేదు. ఆకలి ఎందుకు వచ్చిందో లేదు. ఆ నాయకుడికి ఒక్కటంటే ఒక్క మాట లేదు.

ఎందుకు అని అడిగే జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. బడి బీరువాలో చెదలు సగం తినేసిన అమెరికా చరిత్ర పుస్తకం ఒకటుంటే దుమ్ము దులిపి చదివాను. చెదలు వదిలిపెట్టిన సగంలోనే కావలసినంత ఉంది. నల్లకొండలు ఎప్పటికీ మీవేనని సర్కారువాళ్లు సూ వాళ్లతో ఒప్పందం రాసుకున్నారు. కొన్నేళ్లకే ఆ కొండల్లో బంగారం బయటపడింది. బంగారం కనబడ్డాక ఒప్పందం ఎవరి కంటికి ఆనుతుంది? కొండలను అమ్మేయండని అడిగారు, సూ వాళ్లు ససేమిరా అన్నారు, సైన్యం దిగింది. ఒక యుద్ధంలో సూ వాళ్లు ఆ సైన్యానికి చుక్కలు చూపించారు కూడా. కానీ వాళ్లకు తిండీ, బట్టా, గూడూ అన్నీ అడవి దున్నలే. వాటిని మందలకు మందలు కాల్చి పారేశారు. కడుపు కాలినవాడు ఎన్నాళ్లని పోరాడతాడు? చివరికి మిగిలిన నేలను కూడా ముక్కలు కోసి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు పంచిపెట్టారు. ఆ ముక్కల్లో ఒకటి విట్లాక్ తాతగారిది.

"దొరసానిగారూ, ఇదంతా నాటకంలో లేదేం?" అని అడిగాను.

దొరసాని తెలుగు నేర్చుకున్నది బైబిల్లో. మార్కెట్లో వంకాయలు బేరమాడినా మోషే పలికినట్టే ఉండేది. "మేబెల్, అది విచారకరమైన సంగతి. ఉత్సవమునందు విచారము తగదు" అంది.

విచారం ఎక్కడో డకోటాలో ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో. మా బడి వెనకే ఉంది. అక్కడ ఒక చింతచెట్టు, ఒక బావి, కొన్ని తోటకూర మడులు, ఒక గుడిసె ఉండేవి. పర్వతాలు, అతని పెళ్లాం దేవమ్మ ఆ మడుల మీదే బతికేవాళ్లు. పద్మారావు నగర్ ఇళ్లన్నిటికీ వాళ్ల కూరే. మిషన్ పుట్టకముందు నుంచీ అక్కడ పర్వతాలు తాత ఉండేవాడు. మొట్టమొదటి దొర గుర్రం దిగి దాహమంటే ఆయనే బావిలో నీళ్లు తోడి పోశాడు. దొర గటగటా తాగి, "ఈ బావిలో నీళ్లున్నంత కాలం నువ్విక్కడే ఉండు" అన్నాడట. ఆ తర్వాత నేలంతా పట్టాతో సహా మిషన్ పేర అయింది. నోటిమాటకు పట్టా ఎవరిస్తారు?

ఇప్పుడక్కడ ఆడపిల్లల హాస్టలు కట్టాలి. ఉత్సవం కాగానే పర్వతాలు ఖాళీ చేయాలని బడి కమిటీ తీర్మానించింది. బదులుగా కాప్రా చెరువు అవతల కాస్త చోటు చూపించారు. ఇప్పుడంటే కాప్రాకు బస్సులు పోతున్నాయి. అప్పుడు నక్క కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని పోయేది.

"గా కాప్రాల మా కూర ఎవరు కొంటరు టీచరమ్మా, కప్పలా?" అని దేవమ్మ నన్ను అడిగింది. నాకు బోలెడు కోపం వచ్చింది.

నాటకానికి వేషాల పంపకం మొదలైంది. సూ వాళ్లకు తల మీద ఈకల కిరీటం, మొహానికి రంగు, చేతిలో ఈటె. వలస వచ్చినవాళ్లకు ఒక టోపీ, గోనెనార గడ్డం. ఇంకేముంది, మగవాళ్లంతా మేం సూ అంటే మేం సూ అన్నారు. ఈకల కోసం మా నాయనమ్మ రోసమ్మ పెంచుతున్న పుంజు మీద పడ్డారు. కోత పండుగనాడు గుళ్లో వేలానికి పెట్టాలని ఆమె దాన్ని కన్నబిడ్డలా మేపుతోంది. తోక పోయిన ఆ పుంజు సిగ్గుతో గంప కింది నుంచి బయటికి రావడం మానేసింది. నాయనమ్మ మాత్రం బయటికొచ్చి, "ఒరే జ్ఞానం, సూ వాళ్లూ కాదు సున్నం వాళ్లూ కాదు, మీరే అసలు దొంగలు" అని వీధి మొగదాకా వినబడేలా తిట్టింది.

వచ్చినవాళ్ల వేషానికి ఒక్కడూ దొరకలేదు. సంఘ పెద్ద జకర్యాగారిని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. "నేను సంఘానికి పెద్దను. ఒకడి నేల గుంజుకునే వేషం నేను వేస్తానా? రేపు నలుగురిలో తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నాడు. పర్వతాలును ఖాళీ చేయించాలన్న తీర్మానం కింద మొదటి సంతకం ఈయనదే. నేను ఆయన మొహంలోకి చూశాను. అక్కడ ఏమీ లేదు, శుభ్రంగా గీసుకున్న గడ్డం తప్ప.

చివరికి దొరసానే, "మా తాతగారి వేషమును నేనే ధరించెదను" అంది. ఆయన టోపీ ఆమె ట్రంకుపెట్టెలో ఉండనే ఉంది.

ఇక సూ నాయకుడు. మా నాన్న పర్వతాలును పిలిపించాడు. పర్వతాలుకు రెండే పిచ్చులు, తోటకూర, పద్యం. ఊళ్లోకి టెంటు నాటకాలు వస్తే టిక్కెట్టు బదులు కూరకట్టలు ఇచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. మర్నాడు బావి గట్టు మీద నిలబడి ఆ పద్యాలన్నీ తీసేవాడు. గొంతు ఎత్తితే స్టేషన్లో రైలు కూత చిన్నబోయేది.

"వద్దు నాన్నా. అతన్ని ఇంట్లోంచి వెళ్లగొడుతూ, వెళ్లిపోయేవాడి వేషం అతని చేతే వేయిస్తారా?" అన్నాను.

"ఆ గొంతు ఇంకెవరికుందే?" అన్నాడు నాన్న. ఆయన చెడ్డవాడు కాదు. భయస్థుడు. లోకంలో ఈ రెండూ ఒక్కలాంటి పనులే చేస్తాయి.

పర్వతాలు ఒప్పుకున్నాడు. "పద్యమున్నదా సార్?" అన్నదొక్కటే అతని ప్రశ్న.

పద్యం లేదు. నాన్నకు అప్పుడు నిజంగా బెంగ పట్టుకుంది. "రాజు వేషం వేసినవాడు పద్యం చదవకుండా లోపలికి పోతే మన జనం రాళ్లు వేస్తారమ్మా" అన్నాడు నాతో. నా చెదల పుస్తకం ఆయన కూడా రహస్యంగా తిరగేసినట్టున్నాడు. రెండు రోజులు వేళ్ల మీద గణాలు లెక్కపెట్టుకుని ఈ ఆటవెలది రాశాడు:

గడ్డి మొలచు దాక, గంగ పారెడు దాక
నేల మీదె యంచు నీవె యనవె?
గడ్డి యెండలేదు, గంగ యింకగ లేదు,
మాట యెండెనేల? మనుజ! చెపుమ.

పర్వతాలు ఒక్కసారి విని పట్టేశాడు. "గిది మా తాతకు దొర జెప్పిన మాట లెక్కనే ఉన్నది గద సార్" అన్నాడు.

"ఛ, అది కాదయ్యా. ఇది అమెరికా గడ్డి" అన్నాడు నాన్న.

"గడ్డి ఏడున్నా గడ్డే గద సార్."

నాన్న కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. కొత్తగా ఒక పాట కలిపామని దొరసానికి చెప్పాడు. కీర్తనా అని అడిగితే, అలాంటిదేనన్నాడు.

ఇంతలో నాటకానికి సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావాలన్నారు. అమీన్ సాబ్, అంటే మా పేట పోలీసు అధికారి, రిహార్సలు చూడ్డానికి స్వయంగా వచ్చాడు. మీసం మెలేస్తూ మూడంకాలూ చూశాడు. మా నాన్న చెమటలు తుడుచుకుంటున్నాడు.

"హెడ్మాస్టర్ సాబ్, సచ్ బోలో. ఈ ఈకలోళ్లు ఎవరు? మేమా, కాంగ్రెసోళ్లా?" అన్నాడు అమీన్ సాబ్.

"అమెరికావాళ్లండీ" అన్నాడు నాన్న పీలగా.

అమీన్ సాబ్ కాసేపు ఆలోచించాడు. మొహం విప్పారింది. "సమజ్ అయింది. చుట్టూ పెద్ద ముల్కు, నడుమ మా చిన్న రియాసత్. ముందుగాల కాగితం మీద దస్తకత్ చేస్తరు, తర్వాత ఫౌజు తోలుతరు. యే సూ లోగ్ మేమే! బహుత్ ఖూబ్. ఆఖర్ల జెర వాళ్లను గెలిపియ్యి" అని ముద్ర వేసి ఇచ్చాడు.

ఆ ముద్ర తడి ఆరకముందే యూనియన్ సైన్యం వచ్చింది. నెత్తి మీద విమానాలు తిరిగాయి. మేం బెంచీల కింద దూరాం. దొరసాని ఆ బెంచీ కిందే తన మాటలు వల్లె వేసుకుంది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. నిజాం గారి సైన్యం లొంగిపోయింది, రేడియోలో గొంతులు మారిపోయాయి, నిన్నటిదాకా కర్రలు పట్టుకుని తిరిగినవాళ్లు కనబడలేదు. వాళ్ల బదులు ఏ పాపం ఎరగనివాళ్లు దెబ్బలు తిన్నారని జిల్లాల నుంచి కబుర్లు వచ్చాయి. అమీన్ సాబ్ నౌకరీ ఊడింది. ఆయన వేసిన ముద్ర ఇక చెల్లదు కాబట్టి, కొత్త ఇజాజత్ కోసం మద్రాసు నుంచి వచ్చిన ఒక మిలటరీ కెప్టెన్ రిహార్సలు చూశాడు. మా నాన్న అదే చేతిరుమాలుతో అదే చెమట తుడుచుకున్నాడు.

"మాస్టారూ, ఈ ఈకలవాళ్లు ఎవరు?" అన్నాడు కెప్టెన్.

"అమెరికావాళ్లండీ."

"నాకు చెప్పకండి. ఎవడో వచ్చి నెత్తినెక్కి కూర్చుంటే నలిగిపోయిన జనం. అంటే ఇక్కడి ప్రజలే. వాళ్ల కోసమే కదా మేం వచ్చింది! చాలా బాగుంది. చివర్లో గెలిపించండి" అని అతనూ ముద్ర వేశాడు.

అక్టోబరులో నాటకం ఆడాం. సాయంత్రం కర్ఫ్యూ ఉంది కాబట్టి మధ్యాహ్నం భోజనాలు కాగానే మొదలుపెట్టాం. బడి హాలు కిటకిటలాడిపోయింది. ముందు వరసలో కెప్టెన్, కమిటీ పెద్దలు. వెనక బెంచీలో, యూనిఫారం లేకుండా మాసిన షేర్వాణీతో, ఓ మూలగా అమీన్ సాబ్ కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ పలకరించలేదు, పొమ్మననూ లేదు. దేవమ్మ తలుపు దగ్గర నేల మీద కూర్చుంది.

మొదటి రెండంకాలూ గుడి హార్మోనియం మోతలో గడిచిపోయాయి. మూడో అంకం. ఒక పక్క గోనెనార గడ్డం, తాత టోపీ పెట్టుకుని విట్లాక్ దొరసాని. మరో పక్క మా నాయనమ్మ పుంజు ఈకలతో పర్వతాలు. నేను తెర సందులోంచి మాట అందించాను. దొరసాని చెయ్యి చాచి గర్జించింది.

"ఈ దేశమును విడిచి వెళ్లుడి!"

పర్వతాలు వేలిముద్ర వేయడానికి వంగలేదు. ఒకడుగు ముందుకేసి, చెవి దగ్గర చెయ్యి పెట్టి, పద్యం ఎత్తుకున్నాడు. గడ్డి మొలచు దాక అన్నప్పుడు గొంతు నేల మీద ఉంది. గంగ పారెడు దాక అనేసరికి పైకప్పు రేకులు తాకింది. మాట యెండెనేల దగ్గర అతను రాగం తీస్తూ దొరసాని వైపు చూడలేదు. హాల్లోకి చూశాడు. ఈ మనిషి వేషం వేయడం లేదు, అడుగుతున్నాడు అనిపించి తెర వెనక ఏడ్చేశాను.

పద్యం ముగిసీ ముగియకముందే వెనక బెంచీ నుంచి, "వాహ్! ఒన్స్ మోర్!" అని అమీన్ సాబ్ గొంతు వినిపించింది. ముందు వరసలోంచి కెప్టెన్ లేచి, "ఒన్స్ మోర్!" అన్నాడు. జకర్యాగారు కూడా కండువా ఎగరేస్తూ, "ఒన్స్ మోర్, ఒన్స్ మోర్!" అన్నాడు. ఆ హాల్లో ఉన్న ప్రతివాడూ సూ వాడే. వచ్చిపడ్డవాడు ఒక్కడూ లేడు, పాపం దొరసాని తప్ప.

మన నాటకాల్లో ఒన్స్ మోర్ అంటే ఆజ్ఞ. పాడి తీరాలి. చచ్చి పడున్న పాత్రయినా లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం పాడి, మళ్లీ పద్ధతిగా చస్తుంది. అయితే పద్యం మళ్లీ రావాలంటే దాని ముందు మాట మళ్లీ రావాలి. నేను దొరసానికి ఆ మాట మళ్లీ అందించాను. ఆమె కళ్లు మెరిశాయి. ఆ కేకలు తనకేననుకుంది! ఈసారి ఇంకా గట్టిగా, కాలు నేలకేసి కొట్టి, "వెళ్లుడి!" అంది. పర్వతాలు మళ్లీ పాడాడు. మళ్లీ ఒన్స్ మోర్. మూడోసారి దొరసాని గడ్డం జారిపోయేలా అరిచింది. ఆ తర్వాత కూడా జనం ఆపకపోయేసరికి, కర్ఫ్యూ వేళవుతోందని భయపడి మా నాన్న తెర దింపేశాడు. పర్వతాలు వేలిముద్ర వేయనే లేదు, రంగం మీంచి వెళ్లనే లేదు. మా లష్కర్‌లో సూ వాళ్లు ఇప్పటికీ నల్లకొండల్లోనే ఉన్నారు.

దొరసాని మొహం వెలిగిపోతోంది. "మేబెల్, వారు నన్ను మరల మరల పిలిచిరి!" అంది నా చేతులు పట్టుకుని. మా క్రైస్తవుల మర్యాద సంగతి తెలిసిందే. అవునండీ అన్నాడు నాన్న. అవునండీ అన్నారు పెద్దలు. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఎవరు చెబుతారు?

మరుసటి వారం తీర్మానం అమలు చేసే రోజు వచ్చింది. దొరసాని ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. పర్వతాలుకు కొత్త ధోవతి, దేవమ్మకు చీర తెచ్చింది. ముందు ప్రార్థన, తర్వాత తీర్మానం చదవడం, తర్వాత టీ. కమిటీ అంతా చింతచెట్టు కిందికి వచ్చింది. బండి కూడా సిద్ధంగా ఉంది. నాటకం చూసిన జనమే గోడ పక్కన, మడుల గట్ల మీద మూగారు. పర్వతాలు నులక మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దేవమ్మ బావి గట్టు మీద కూర్చుంది.

జకర్యాగారు పొడుగ్గా ప్రార్థన చేశాడు. ఇశ్రాయేలు ప్రజలకు వాగ్దానం చేసిన నేల గురించి కూడా ఏదో అన్నాడు. నేను పళ్లు పటపట కొరికాను. మా నాన్న కాగితం విప్పి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పర్వతాలు అనువారు, మిషన్ వారి నేలయందలి బావి, చెట్టు, గుడిసె విడిచి, కాప్రాయందు చూపబడిన స్థలమునకు వెళ్లవలెను."

పర్వతాలు మొత్తం విన్నాడు. తల పంకించాడు. పద్యం నచ్చినవాడిలా మంద్రంగా అన్నాడు.

"ఒన్స్ మోర్."

గోడ పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. దొరసాని కూడా నాటకం గుర్తొచ్చి నవ్వింది. అర్థం కాలేదేమోననుకుని మా నాన్న మళ్లీ చదివాడు. ఈసారి గొంతు కాస్త తగ్గింది. బావి, చెట్టు, గుడిసె విడిచి.

"ఒన్స్ మోర్ సార్" అన్నాడు పర్వతాలు. అందులో వెక్కిరింత లేదు, కోపం లేదు. అసలు ఏమీ లేదు. అదే భయంగా ఉంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. జకర్యాగారు కండువా సర్దుకుంటూ చింతకాయలు లెక్కపెట్టే పనిలో పడ్డాడు. మా నాన్న మూడోసారి మొదలుపెట్టాడు. "ఇందుమూలముగా" అన్నాడు. "పర్వతాలు అనువారు" అన్నాడు. బావి అనే మాట దగ్గర ఆగిపోయాడు. నా వైపు చూశాడు, నాటకంలో మాట మరిచిపోయినవాడు తెర సందు వైపు చూసినట్టు. నేను అందించలేదు. నాన్న మీద నాకు అంత జాలీ, అంత ప్రేమా ఎప్పుడూ కలగలేదు. అయినా అందించలేదు.

దొరసాని ఒకసారి జనం మొహాలు చూసింది. ఒకసారి పర్వతాలు మొహం చూసింది. నా దగ్గరకు వచ్చి చిన్న గొంతుతో అడిగింది.

"మేబెల్, ఆ దినమున వారు ఎవరిని మరల పిలిచిరి?"

మర్యాద ఇక నా వల్ల కాలేదు. "మిమ్మల్ని కాదండీ" అన్నాను.

నాటకం నాటి నుంచీ నెత్తి మీంచి దించని తాత టోపీని ఆమె తీసింది. ఎండలో ఆ ఎర్రటి మొహం తెల్లబడింది. నులక మంచం మీద కూలబడి, ఏం చేయాలో తెలియక, "దాహమగుచున్నది" అంది.

దేవమ్మ లేచింది. బొక్కెన బావిలోకి వదిలి, నీళ్లు తోడి, చెంబు నింపి తెచ్చి ఇచ్చింది. దొరసాని రెండు చేతులా పట్టుకుని చివరిదాకా తాగింది. ఖాళీ చెంబు అందుకుంటూ దేవమ్మ అంది.

"నీళ్లింక ఉన్నయ్ దొరసానీ."

ఆ మొదటి దొర మాట దొరసానికి తెలుసు. మిషన్‌లో తెలియనిదెవరికి? చాలాసేపు బావి వైపు చూసింది. తర్వాత మా నాన్న చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి, తాత టోపీలో పెట్టుకుంది. "హాస్టలును అటు త్రిప్పి కట్టుడి" అని జకర్యాగారితో చెప్పి, టీ తాగకుండానే వెళ్లిపోయింది. ఆ టీ మేమంతా తాగాం. బండి ఖాళీగా వెళ్లింది. ధోవతీ చీరా మాత్రం దేవమ్మ తిరిగివ్వలేదు, మంచి పని చేసింది.

హాస్టలు కట్టారు. దాని వరండా తిన్నగా వచ్చి వచ్చి, బావి దగ్గర ఠక్కున పక్కకు తిరుగుతుంది. తెలియనివాళ్లు మేస్త్రీని తిట్టుకుంటారు.

మరుసటి సంవత్సరం దొరసాని ఉద్యోగం చాలించుకుని తన దేశానికి బయల్దేరింది. సికింద్రాబాదు స్టేషన్‌కు మేమంతా పూలదండలతో వెళ్లాం. దేవమ్మ దారిలో తినమని వండిన తోటకూర పప్పు టిఫిన్ క్యారియర్లో తెచ్చింది. గార్డు ఈల వేశాడు. దొరసాని రైలుపెట్టె మెట్టు మీద నిలబడి, గొంతు సవరించుకుని అంది.

"నేను ఈ దేశమును విడిచి వెళ్లుచున్నాను."

గుంపు వెనక నుంచి పర్వతాలు గొంతు వచ్చింది. "ఒన్స్ మోర్!"

ప్లాట్‌ఫారమంతా గొల్లుమంది. మా నాన్న నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. దొరసాని నవ్వింది, కళ్లు తుడుచుకుంది, టోపీ తీసి పర్వతాలు వైపు వంగి దణ్ణం పెట్టింది. ఈసారి ఆ కేక ఎవరికో ఆమెకు బాగా తెలుసు. మళ్లీ అదే మాట, మొదటికన్నా గట్టిగా, స్టేషనంతా వినబడేలా అంది.

పర్వతాలు మళ్లీ నోరు తెరవబోయాడు. దేవమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"ఇగ చాల్తియ్, రైలు పోతది. పాపం, పోనియ్ ఆమెను."